మహేశ్వర్ కోటకి పిల్లలతో వెళ్తున్నాం: అహల్యాబాయి గురించి ఎక్కడ మొదలుపెట్టాలి?

బడిగంట

అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో మా బడి పిల్లల్ని ఇండోర్, ఉజ్జయిని, మహేశ్వర్, ఓంకారేశ్వర్ తిప్పడానికి తీసుకెళ్తున్నాం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ముప్ఫై రెండు మంది పిల్లలు, నలుగురు టీచర్లం. మహేశ్వర్‌లో ఒక రాత్రి బస. అంటే మొదటిరోజు మధ్యాహ్నం నుంచి మర్నాడు భోజనాల వేళ దాకా ఉంటాం.

ఉజ్జయిని, ఓంకారేశ్వర్ గుళ్లు కాబట్టి అక్కడ పెద్దగా చెప్పాల్సిన పని లేదు. మహేశ్వర్ దగ్గరే చిక్కు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి నుంచి పాలించిన హోల్కర్ రాణి అహల్యాబాయి పేరు పిల్లల్లో చాలామంది వినలేదు. విన్నామన్నవాళ్లేమో గౌతముడి భార్య అహల్య అనుకుంటున్నారు! కోటలో ఏది ముందు చూపించాలి, ఏది తర్వాత? రాణిగారి కథ ఈ వయసు పిల్లలకి ఎలా చెప్పాలి? సతి (సహగమనం) ప్రస్తావన వస్తే ఏమనాలి? ఘాట్ దగ్గర జాగ్రత్తలేమిటి? గైడు అవసరమా? మాలో ఇద్దరికి మాత్రమే హిందీ బాగా వచ్చు. ఆ ఊరు, ఆ చరిత్ర తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయగలరు.

వింధ్యదారి

మేడమ్, పిల్లలు కోట అనగానే గోల్కొండనో వరంగల్లునో ఊహించుకుని వస్తారు. మహేశ్వర్ కోట నది వైపు నుంచి చూస్తే ఆ ఊహకి తగ్గట్టే ఉంటుంది. నీళ్ల అంచు నుంచి మెట్లు, వాటిపైన బురుజులు, ఎత్తైన గోడ. కానీ పైకెక్కి లోపలికి వెళ్తే జనం కాపురముండే వీధులూ, ఇళ్లూ, మగ్గాలూ కనిపిస్తాయి. రాణి ఉన్న రాజవాడ ఒక మండువా ఇల్లు, అంతే. చెక్క స్తంభాలు, నడిమి వాకిలి, చుట్టూ వసారా. దర్బారు హాలూ లేదు, బంగారు సింహాసనమూ లేదు. 'ఇంతేనా?' అని పిల్లలు మొహం చిన్నబుచ్చుకుంటారు. మీ పాఠానికి అసలు సందు అదే. దాన్ని సర్ది చెప్పకండి, ప్రశ్నగా మార్చండి: దేశమంతటా గుళ్లూ ఘాట్లూ కట్టించిన మనిషి తనకి ఇంత చిన్న ఇల్లు ఎందుకు ఉంచుకుంది?

రాజవాడలో ఆమె గద్దె ఉంది. నేలకి కాస్త ఎత్తులో తెల్లటి పరుపు, బాలీసు. పిల్లల్ని ముందు సింహాసనం వెతకమనండి. వెతికి వెతికి ఆ పరుపు దగ్గరికే వస్తారు. అప్పుడు కూర్చోబెట్టి ఆమె పొద్దు ఎలా గడిచేదో చెప్పండి: పూజ, తర్వాత జనం మొరలు వినడం, లెక్కలు, ఉత్తరాలు. ఆమె బొమ్మల్లో తెల్లచీర, అరచేతిలో చిన్న శివలింగం ఉంటాయి, కత్తి ఉండదు. 'చేతిలో ఏముంది?' అని అడిగి వదిలేయండి, మిగతాది వాళ్లే లాగుతారు. పల్లకీ, ఆయుధాలూ కూడా అక్కడే ఉన్నాయి. మగపిల్లలు ఆయుధాల దగ్గర అతుక్కుపోతారు కాబట్టి వాటిని ఆఖర్న పెట్టుకోండి.

ఉదయం పూట రాజవాడ ఆవరణలోని పూజాస్థలంలో లింగార్చన జరుగుతుంది. బ్రాహ్మణులు వరసగా కూర్చుని నల్లమట్టితో వేలాది బుల్లి శివలింగాలు చేసి, పలకల మీద బారులు తీర్చి, పూజ ముగిశాక నర్మదలో కలుపుతారు. అహల్యాబాయి కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అది. ఒక్కో లింగం వేలి కొసంత. ఒక లింగం చేయడానికి ఎన్ని సెకన్లు పట్టిందో దూరం నుంచి లెక్కపెట్టమనండి, పావుగంట కిక్కురుమనకుండా కూర్చుంటారు. వేళ ముందురోజే అక్కడ కనుక్కోండి.

కోటలో కొంత భాగం ఇప్పుడు హోటలు, బస చేసినవాళ్లకే ప్రవేశం. తలుపు తీసి ఉంటే పిల్లలు అటు దూరిపోతారు. ఆ మలుపులో ఒక టీచర్ని నిలబెట్టండి.

రాజవాడ నుంచి మెట్లదారిన కిందికి దిగితే అహల్యేశ్వర ఆలయం, దానికి ఎదురుగా హోల్కర్ వంశపు విఠోజీరావు ఛత్రీ (స్మారక మంటపం) వస్తాయి. ఇక్కడ గైడ్లు కూడా తొందరలో తప్పు చెబుతుంటారు. అహల్యేశ్వరం రాణి కట్టించుకున్న గుడి కాదు. ఆమె పోయాక హోల్కర్ వంశం వాళ్లు ఆమె స్మృతిగా కట్టించింది. ఛత్రీ పీఠం చుట్టూ ఏనుగుల వరస చెక్కి ఉంటుంది. ఏ రెండు ఏనుగులైనా అచ్చం ఒకేలా ఉన్నాయా అని చూడమనండి. అక్కడి నుంచి పెద్ద ద్వారం దాటితే ఘాట్.

ఘాట్ మీద చేయదగ్గ పని ఒకటుంది, కాగితం కూడా అక్కర్లేదు. మహేశ్వర్ నర్మదకి ఉత్తరపు గట్టున ఉంది. నది వైపు తిరిగి నిలబడితే దక్షిణ ముఖం, ఎడమచేతి వైపు తూర్పు. నీళ్లు ఎడమ నుంచి కుడికి, అంటే పడమటికి పోతుంటాయి. గోదావరి, కృష్ణ తూర్పుకి పారడం చూసి పెరిగిన పిల్లలకి ఇది తిరకాసుగా ఉంటుంది. దిక్సూచి ఇచ్చి వాళ్లనే తేల్చుకోమనండి. అదే గట్టు మీద తెల్లబట్టలు, భుజాన మూట, చేతికర్రతో నర్మదా పరిక్రమ (నది చుట్టూ కాలినడకన ప్రదక్షిణ) చేసేవాళ్లు కనిపిస్తారు. నదిని ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంచుకుని నడవాలన్నది వాళ్ల నియమం. అందువల్ల ఉత్తరపు గట్టున వాళ్ల నడక తూర్పుకి, నది పుట్టే అమర్‌కంటక్ దిశగా. నీళ్లు ఒక వైపు, మనుషులు ఇంకో వైపు. ఎందుకలా అని అడిగితే ఏడో తరగతి పిల్లలు బొమ్మ గీసుకుని చెప్పేయగలరు.

నా మాట వింటే మొదటిరోజు సాయంత్రం ఘాట్, మర్నాడు పొద్దున్నే రాజవాడ, లింగార్చన, మగ్గాలు.

పాతకైఫీయతు

స్థలాల సంగతి పైన బాగా రాశారు. నేను కథ సంగతి చెబుతాను.

పిల్లలకి తేదీలు అప్పజెప్పించకండి, వయసులు చెప్పండి. ఆమె పుట్టింది 1725 మే 31న, చౌండీ అనే పల్లెలో. ఇప్పుడది మహారాష్ట్రలోని అహల్యానగర్ జిల్లా, నిన్నమొన్నటి దాకా అహ్మద్‌నగర్. తండ్రి మాంకోజీ షిందే ఆ ఊరి పాటిల్, అంటే గ్రామ పెద్ద. 1733లో మల్హర్‌రావు హోల్కర్ కొడుకు ఖండేరావుతో పెళ్లి, అంటే మూడో తరగతి పిల్ల వయసు. 1754లో జాట్ రాజు సూరజ్‌మల్ మీద కుంభేర్ కోట ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి భర్త పోయాడు. ఆమెకి ఇరవై ఎనిమిది. 1766 మేలో మామగారు, ఏడాది తిరక్కుండానే 1767 ఏప్రిల్‌లో కొడుకు మాలేరావు పోయారు. నలభై రెండో ఏట, అదే 1767లో, పాలన చేపట్టింది. 1795 ఆగస్టు 13న డెబ్బయ్యో ఏట మహేశ్వర్‌లోనే కన్నుమూసింది. చాలాచోట్ల 'ముప్ఫై ఏళ్లు పాలించింది' అని గుండుగుత్తగా రాస్తారు. లెక్క ఇరవై ఎనిమిది. పిల్లలతోనే తీసివేత చేయించండి.

వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: చదువుకోని పల్లెటూరి కోడలికి రాజ్యం నడపడం ఎలా వచ్చింది? దీనికి 'ధైర్యం' అని జవాబిచ్చి ఊరుకోవద్దు. ఆమెకి చదవడం, రాయడం వచ్చు. మామగారు దండయాత్రల్లో తిరుగుతుంటే ఇంటి దగ్గర వసూళ్లు, జమాఖర్చులు, సరంజామా ఆమే చూసింది. 1765లో మల్హర్‌రావు ఆమెకి రాసిన ఉత్తరం ఒకటి ఉంది. చంబల్ దాటి గ్వాలియర్ వెళ్లు, అక్కడ నాలుగైదు రోజులు ఆగు, పెద్ద ఫిరంగుల్ని ఉంచుకుని వాటికి మందుగుండు వీలైనంత సమకూర్చు అని అందులో ఉంటుంది. కోడలికి మామ రాసే ఉత్తరంలో ఫిరంగుల మాట! అంటే గద్దె ఎక్కేనాటికే ఆమె ఆ పనిలో పండిపోయి ఉంది. ఎనిమిదో తరగతికి ఈ ఉత్తరం ఒక్కటి చెప్పినా చాలు.

పాలన మొదట్లోనే చిక్కు వచ్చింది. వారసుడు లేడు కదా అని దివాను గంగాధర్ యశ్వంత్ చంద్రచూడ్ ఎత్తు వేశాడు, పీష్వా (మరాఠా రాజ్యాన్ని నడిపే ప్రధాని) పినతండ్రి రఘునాథరావు సైన్యంతో కదిలాడు. ఆమె పోరుకి సిద్ధపడింది, సాటి మరాఠా సర్దార్లకి ఉత్తరాలు రాసి కూడగట్టుకుంది. పీష్వా మాధవరావు ఆమె పక్షం తీసుకున్నాడు. సైన్యం బాధ్యత తుకోజీ హోల్కర్‌కి అప్పగించి, పరిపాలన, ఖజానా తన దగ్గర ఉంచుకుంది. తుకోజీ మల్హర్‌రావు కొడుకు కాదు, వంశవృక్షం గీసేటప్పుడు పిల్లలు అక్కడే తప్పుతారు.

ఇక డబ్బు. నన్నడిగితే ఆమె గొప్పతనం అంతా ఇక్కడే ఉంది, కానీ టూరుల్లో ఎవరూ చెప్పరు. హోల్కర్ల ఆస్తి రెండు పద్దులు: రాజ్యపు ఖజానా ఒకటి, కుటుంబానికి సొంతంగా వచ్చే 'ఖాస్గీ' ఇంకోటి. దేశమంతా ఆమె చేయించిన నిర్మాణాలకి ఖర్చు ఖాస్గీ నుంచి వెళ్లింది, రైతు కట్టిన శిస్తు నుంచి కాదు. కాశీ విశ్వనాథాలయం 1780లో, సోమనాథ్‌లో గుడి 1783లో, గయలో విష్ణుపాదం 1787లో. కాశీ గుడిని 1669లో ఔరంగజేబు కూల్పించాక నూటపదేళ్లకి మళ్లీ లేపింది ఈవిడే. శిఖరానికి బంగారు రేకు మాత్రం తర్వాతి కాలంలో పంజాబ్ రాజు రంజిత్‌సింగ్ ఇచ్చాడు. పటం మీద ఈ మూడు ఊళ్లకీ చుక్కలు పెట్టించి, ఇందులో హోల్కర్ రాజ్యంలో ఉన్నవి ఎన్ని అని అడగండి. ఒక్కటీ లేదు. పరాయి రాజ్యాల్లో సొంత డబ్బుతో ఎందుకు కట్టించిందన్న దాని మీద పిల్లలు గంటసేపు కొట్టుకోగలరు, కొట్టుకోనివ్వండి.

ఆమె నాణెం బొమ్మ ఒకటి ప్రింటు తీసుకెళ్లండి. మహేశ్వర్ టంకశాల రూపాయి మీద శివలింగం, మారేడు దళం గుర్తులుంటాయి, పేరు మాత్రం ఢిల్లీలోని మొఘల్ పాదుషా షా ఆలంది. రాజు ఒకరు, పాలకురాలు ఇంకొకరు, పైన పీష్వా. పద్దెనిమిదో శతాబ్దపు రాజకీయం అంతా ఒక్క బిళ్ళ మీద దొరుకుతుంది. ఆమె హుకుములు కూడా 'శ్రీ శంకరుని ఆజ్ఞ మేరకు' అని వెలువడేవి, సొంత పేరుతో కాదు.

కొండల్లో ఉండే గిరిజనులు భీల్లు బాటసారుల దగ్గర వసూలు చేసే సుంకం కథ కూడా వదలకండి. వింధ్య కనుమల్లో దారి తమదంటూ వాళ్లు తీసుకునే చిన్న మొత్తం, 'భీల్ కౌడీ'. దాన్ని ఆమె పూర్తిగా రద్దు చేయలేదు. తీసుకోండి, కానీ మీ హద్దులో దోపిడీ జరిగితే జవాబుదారీ మీదే అని కట్టుబాటు పెట్టింది. ఆరో తరగతి పిల్లలకి కూడా వెంటనే అర్థమయ్యే పాలన సూత్రం.

జాగ్రత్త పడాల్సిన కథలు రెండు. లేగదూడను రథం కింద తొక్కించిన సొంత కొడుకునే శిక్షించబోయిందన్న కథ గైడ్లందరూ చెబుతారు. మన దగ్గర మనునీతి చోళుడికి చెప్పే కథే అది, ఊళ్లు మారుతూ వచ్చింది. జనం ఆమె న్యాయాన్ని ఎలా తలుచుకున్నారో చెప్పే జానపదంగా చెప్పండి, చరిత్రగా కాదు. మాలేరావు జబ్బు చేసి చనిపోయాడు. రెండోది మాహిష్మతి. ఆ పేరు వినగానే పిల్లలు సినిమా కేకలు పెడతారు. పురాణాల్లో కార్తవీర్యార్జునుడి రాజధాని మాహిష్మతి ఈ ఊరేనని స్థానికుల నమ్మకం. ఓంకారేశ్వర్ దగ్గరి మాంధాత అని వాదించిన పండితులూ ఉన్నారు. కార్తవీర్యార్జునుడు వెయ్యి చేతులతో నర్మదను ఆపిన కథ బోటులో చెబితే రక్తి కడుతుంది.

సతి గురించి. దాచకండి, అలాగని వర్ణించకండి. ఆరో తరగతికి: 'భర్త పోతే ఆమె కూడా చనిపోవాలన్న ఆచారం ఆనాడు కొన్ని కుటుంబాల్లో ఉండేది. మామగారు అడ్డుపడి, రాజ్యానికి నువ్వు కావాలన్నారు, ఆమె ఆగింది' అంటే సరిపోతుంది. ఎనిమిదో తరగతికి మిగతా సగం కూడా చెప్పండి: 1791లో ఆమె కూతురు ముక్తాబాయి భర్త పోయినప్పుడు సతికి సిద్ధపడింది, అహల్యాబాయి బతిమాలింది, ఆపలేకపోయింది. ఇంత అధికారమున్న మనిషి ఎందుకు ఆపలేకపోయిందన్న ప్రశ్నకి మీరు జవాబు ఇవ్వక్కర్లేదు. 1829లో సతిని నిషేధిస్తూ చట్టం వచ్చిన పాఠం వాళ్లకి అప్పటికి తెలిసే ఉంటుంది, అక్కడికి ముడిపెట్టి ఆపండి. ఇది ఘాట్ మీద అందరి ముందూ కాకుండా రాత్రి బసలో, తరగతివారీగా కూర్చోబెట్టి చెబితే మంచిది.

ఝాన్సీ రాణితో కలిపి మాట్లాడే అలవాటు కూడా పిల్లల్లో ఉంటుంది. లక్ష్మీబాయిది 1857. అప్పటికి అహల్యాబాయి పోయి అరవై రెండేళ్లు.

కాగితప్పడవ

నేను ఘాట్, నీళ్లు, బండ్ల సంగతే రాస్తాను. కథలు పైవాళ్లు చూసుకున్నారు.

మొదటిరోజు సాయంత్రం ఘాట్ అన్న వింధ్యదారి గారి సలహాతో నేను ఏకీభవించను. బస్సు దిగిన పిల్లలు అలిసి ఉంటారు, డిసెంబర్‌లో చీకటి తొందరగా పడుతుంది, హారతి వేళకి జనం చేరతారు. ముప్ఫై రెండు మందిని మసక వెలుతురులో నీళ్ల పక్కన కాపలా కాయడం నలుగురి వల్ల కాదు. సాయంత్రం కోట పైనుంచే నదిని చూపించండి. అక్కడి గోడ మీదికి ఎక్కనివ్వకుండా చూసుకుంటే చాలు. ఘాట్, బోటు మర్నాడు పొద్దున్న. లింగార్చన వేళ ఎలాగూ పొద్దున్నే కాబట్టి పిల్లల్ని రెండు బృందాలు చేయండి: ఒక బృందం పైన, ఒక బృందం కింద, తర్వాత మార్పిడి. బోట్ల దగ్గర కూడా ఒకేసారి పదహారు మందే ఉంటారు.

నర్మద గట్టు మీద ప్రమాదం ఎలా జరుగుతుందో తెలిస్తే జాగ్రత్తలు అవే తడతాయి. మెట్లు నీళ్ల లోపలికి దిగి ఉంటాయి. నీటిమట్టం పెరిగి తగ్గే చోట ఉన్న రెండు మూడు మెట్లకి పాచి పట్టి ఉంటుంది, చూడటానికి తడి రాయిలాగే కనిపిస్తుంది. కాలు పెట్టినవాడు ముందుకి కాదు, వెనక్కి జారి తల మెట్టుకి కొట్టుకుంటాడు. రెండోది, మెట్ల వరస ఆగిపోయిన చోట లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. పైకి ప్రశాంతంగా ఉన్నా కింద వడి ఉంటుంది. మూడోది, పైన ఇందిరా సాగర్, ఓంకారేశ్వర్ డ్యాములు ఉన్నాయి. కరెంటు ఉత్పత్తిని బట్టి నీళ్లు వదులుతారు కాబట్టి వానలు లేని కాలంలో కూడా మట్టం మారుతుంది. పొద్దున్న పొడిగా ఉన్న మెట్టు మధ్యాహ్నానికి తడిసి ఉండొచ్చు.

అందుకని నీటి అంచుకి పైన ఐదో మెట్టు దగ్గర ఒక టీచరు ఉండి, 'ఈ మెట్టు దాటి కిందికి రాకూడదు' అని హద్దు పెట్టండి. నీళ్లు చల్లుకోవాలని పిల్లలకి ఉంటుంది, ఆ సరదా ఒక చెంబుతో పైకి తెచ్చి తీర్చండి. స్నానాలు వద్దే వద్దు. చెప్పులు గుడుల దగ్గర విప్పాలి కాబట్టి లేసులున్న బూట్లు వేసుకొస్తే ప్రతి చోటా పది నిమిషాలు పోతాయి. వెనక పట్టీ ఉన్న శాండల్స్ మేలు. పొద్దున్నే రాయి మంచులా ఉంటుంది, ఒక జత పాత సాక్సులు పెట్టుకోమనండి. కానీ సాక్సులతో తడి మెట్లు ఎక్కనివ్వకండి.

బోటులో నది మధ్య రాతి దిబ్బ మీదున్న బాణేశ్వర్ గుడి దాకా వెళ్లి రావచ్చు. ఎక్కకముందే లైఫ్ జాకెట్లు లెక్కపెట్టండి, ఎన్ని జాకెట్లుంటే అంతమంది, అంతే. పిల్లల సైజువి అడగండి. పెద్దవాళ్ల జాకెట్ వదులుగా ఉంటే నీళ్లలో పడ్డప్పుడు అది పైకి లేచి తలమీదుగా ఊడిపోతుంది. పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. ఒక వైపు ఏదో కనపడగానే పిల్లలందరూ అటు లేస్తారు, పడవ ఒరిగేది అప్పుడే. లేవడం కుదరదని ఒడ్డునే ఒట్టు వేయించుకోండి. దిబ్బ దగ్గర దిగేటప్పుడు రాయికీ పడవకీ మధ్య వేళ్లు నలుగుతాయి, చేతులు లోపలే. సహస్రధార జోలికి ఈసారి పోకండి. రాళ్ల మధ్య నది పాయలు పాయలుగా చీలే చోటు, చూడముచ్చటగా ఉంటుంది కానీ ఈ సంఖ్యలో పిల్లలతో కాదు.

తేదీ ఖాయం చేసేముందు పంచాంగం చూడండి. అమావాస్య, పౌర్ణమి, సోమవారాల్లో నర్మద స్నానాలకి జనం విరగబడతారు. నర్మదా జయంతి మాఘ శుద్ధ సప్తమి, మన రథసప్తమి రోజే. మీది డిసెంబర్ కాబట్టి దాని బెడద లేదు.

దారి: ఇండోర్ నుంచి ధామ్‌నోద్ మీదుగా సుమారు 90 కిలోమీటర్లు, హైవే, ఇబ్బంది లేదు. మౌ నుంచి మండలేశ్వర్ దిగే దారిలో జామ్ గేట్ వస్తుంది. 1791లో అహల్యాబాయి కట్టించిన ద్వారం, సరిగ్గా మాల్వా పీఠభూమి అంచున. అక్కడ నిలబడితే వెనక మాల్వా మైదానం, ముందు కిందికి జారిపోయే వింధ్య లోయలు, దూరంగా నర్మద లోయలోని నిమాడ్ ప్రాంతం. 'రాజ్యానికి తలుపు' అంటే ఏమిటో చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది. చిన్న బళ్లయితే ఇటు రండి. పెద్ద బస్సయితే ఆ మలుపులకి డ్రైవరు ఒప్పుకుంటాడో లేదో ముందే అడగండి, వాంతుల కవర్లు చేతికందేలా పెట్టుకోండి. మహేశ్వర్ నుంచి ఓంకారేశ్వర్ 65 కిలోమీటర్ల పైచిలుకు.

బడిగంట

ఎంతో వివరంగా రాశారు, ధన్యవాదాలు. రెండు బృందాల ఆలోచన బాగుంది, అలాగే చేస్తాం. గైడు సంగతి ఎవరూ చెప్పలేదు. మగ్గాల దగ్గర పిల్లలతో ఏం చేయించవచ్చు? ఊరికే చూసి వచ్చేస్తే పది నిమిషాల్లో విసుగొచ్చేస్తుంది.

వింధ్యదారి

కాగితప్పడవ గారు చెప్పినట్టు మీ సంఖ్యకి ఘాట్ పొద్దున్నే సరి. నేను సాయంత్రం అన్నది వెలుతురు కోసం, ఆ వెలుతురు కోట పైనుంచీ దొరుకుతుంది.

గైడు కావాలి, కానీ కథ చెప్పడానికి కాదు. ఏ తలుపు ఎప్పుడు తీస్తారు, పూజ ఎక్కడ, మగ్గం ఎవరింట్లో ఆడుతోంది అన్నవి అతనికే తెలుస్తాయి. అక్కడి మాట నిమాడీ కలిసిన హిందీ, వేగం ఎక్కువ. రెండు నిమిషాలు చెప్పి ఆగాలి, టీచరు తెలుగులో చెప్పాక ముందుకి కదలాలి అని మొదటే ఒప్పందం చేసుకోండి. లేకపోతే అతను చెప్పుకుపోతుంటాడు, వెనక పిల్లలు కబుర్లలో పడతారు. మీలో హిందీ వచ్చిన ఇద్దరినీ చెరో బృందంతో పెట్టండి.

నాడెపోగు

మగ్గాల గురించి నేను చెబుతాను.

మహేశ్వర్‌కి నేతగాళ్లను బయటి నుంచి రప్పించి నిలబెట్టింది అహల్యాబాయే. వచ్చిన అతిథులకీ, బంధువులకీ ఇవ్వడానికి చీరలు, పాగాలు ఊళ్లోనే నేయించేది. కాలం మారి రాజపోషణ పోయాక నేత చిక్కిపోయింది. 1970ల చివర్లో హోల్కర్ కుటుంబం చొరవతో రెహ్వా సొసైటీ మొదలై మళ్లీ పుంజుకుంది. కోట ఆవరణలో దాని మగ్గాలు ఉన్నాయి. ముందుగా అడిగి, ఒక్కో విడతకి ఎనిమిది మందిని మించకుండా పంపండి. మగ్గాల మధ్య సందు ఇరుకు.

చూడాల్సింది ఏమిటంటే, ఈ చీరకి పడుగు (నిలువు పోగు) పట్టు, పేక (అడ్డ పోగు) నూలు. అందుకే ఎత్తి పట్టుకుంటే గాలిలా తేలుతుంది, మెరుపు మాత్రం పట్టుది. మన గద్వాల చీరలో నూలు ఒడలు, పట్టు అంచు వేరుగా ఉంటాయి కదా. ఇక్కడ రెండూ ప్రతి అంగుళంలో కలిసిపోయి ఉంటాయి. పిల్లలకి చిన్న భూతద్దం ఇచ్చి, నిలువు పోగుకీ అడ్డ పోగుకీ మెరుపులో తేడా పట్టుకోమనండి. అంచు రెండువైపులా ఒకేలా ఉంటుంది, దాన్ని బుగ్డీ అంటారు. చీరని తిరగేసి కట్టుకున్నా తప్పు పట్టలేరు. పల్లూలో ఐదు చారలు: మూడు రంగువి, రెండు తెల్లవి. ఇది అసలు గుర్తు. పిల్లలకి 'ఐదు చారల వేట' అని పెట్టండి, దుకాణాల ముందు నడుస్తూ కూడా ఆడుకుంటారు.

నేసేవాళ్ల చేతుల కంటే కాళ్లను చూడమనండి. తొక్కుడు పలక నొక్కితే పడుగు పోగులు రెండుగా విడిపోతాయి, ఆ సందులోంచి పేక పోగు మోసే నాడె దూసుకుపోతుంది, దువ్వెన లాంటి అచ్చు వచ్చి పోగుని బిగిస్తుంది. అంచు దగ్గర పువ్వు పడేచోట పైనున్న డాబీ అనే పరికరం కొన్ని పోగుల్నే లేపుతుంది. ఒక అంగుళం నేతకి ఎన్ని దెబ్బలు పడ్డాయో ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు రాసుకోవాలి. చీర పొడుగు ఐదున్నర మీటర్లు అనుకుని గుణించమంటే వాళ్లే నోళ్లు వెళ్లబెడతారు. పడుగుని మాత్రం ముట్టనివ్వకండి. తెగిన ఒక్క పోగుని వెతికి, ముడేసి, అచ్చు పంటిలోంచి మళ్లీ లాగాలి. నేతగాడికి అది పని చెడగొట్టడమే. ఫోటోలు అడిగి తీయండి.

ఇక చేయించాల్సిన పని. అంచుల్లోని నమూనాలు చాలావరకు కోట గోడల నుంచీ, గుళ్ల చెక్కడాల నుంచీ తీసుకున్నవే. ఈంట్ అంటే ఇటుకల వరస, చటాయి అంటే చాప అల్లిక, హీరా అంటే వజ్రం, చమేలీ తీగ, నర్మద అలల 'లహర్'. ఒక్కో బృందానికి ఈ ఐదు పేర్లున్న కాగితం ఇవ్వండి. ముందు అహల్యేశ్వరం దగ్గరా, ఘాట్ ద్వారం దగ్గరా రాతి మీద వెతికి గీయాలి, తర్వాత మగ్గాల దగ్గర అదే నమూనా అంచులో పట్టుకోవాలి. వరస తిప్పకండి. ముందు చీరలు చూస్తే తర్వాత గోడని చూడరు.

గీయడానికి గళ్ల కాగితం ఇవ్వండి, తెల్ల కాగితం కాదు. నేతలో వంకర గీతంటూ ఉండదు, గళ్లు నింపుకుంటూ పోవడమే. రాతి మీద గుండ్రంగా ఉన్న పువ్వు చీర అంచులో మెట్లు మెట్లుగా ఎందుకు మారిందో గళ్ల కాగితం మీద గీసినవాడికే తెలుస్తుంది. సెంటీమీటరు గళ్లు పెద్దవైపోతాయి, అర సెంటీమీటరువి చూసుకోండి. వెనక అట్ట తప్పనిసరి. ఘాట్ మీద గాలికి కాగితాలు నదిలోకి పోతే, వాటి కోసం పిల్లలు మెట్లు దిగేస్తారు.